పెట్టె కొన్నాక పోషణ ఎవరిది?

చిన్న వ్యాపారులకు చిట్టి లైనక్స్ సర్వర్లు - పాతికేళ్ల కిందటి నీలం పెట్టె నేర్పిన పాఠం

మోటారు స్టార్టర్ డబ్బా చూడని రైతు ఉండడు. పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది. ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. లోపల కాంటాక్టరు ఏం చేస్తుందో, రిలే ఎప్పుడు పడుతుందో మనకు తెలియనక్కర్లేదు. బిగించిన ఎలక్ట్రీషియన్‌కు తెలిస్తే చాలు. అయితే ఆ డబ్బా కాలిపోయిన రోజున దాని విడిభాగాలు బజార్లో దొరక్కపోతే? దాన్ని విప్పడం ఎవరికీ చేతకాకపోతే? నారుమడి ఎండుతుంటే చూస్తూ కూర్చోవాల్సిందే.

ఎరువుల దుకాణాల్లో, రైసు మిల్లుల్లో, కమీషన్ కొట్లలో, శీతల గిడ్డంగుల ఆఫీసుల్లో ఇప్పుడు ఇలాంటి డబ్బాయే మరొకటి కనబడుతోంది. గోడకో, బల్ల కిందో ఉంటుంది. చిన్న చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటుంటాయి. కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఇచ్చేది అదే. బిల్లులు, ఖాతాలు దాచేదీ అలాంటి పెట్టే. కొన్నప్పుడు కుర్రాడెవరో వచ్చి పెట్టి వెళ్తాడు. ఆ తర్వాత దాని మొహం చూసేవాళ్లు ఉండరు. పనిచేస్తోందంటే చేస్తోంది, అంతే.

ఈ పెట్టెల్లో చాలావాటి లోపల నడిచేది లైనక్స్. అందులో విశేషమేమిటి? కొనేవాడికి దానివల్ల ఒరిగేదేమిటి? తెలుసుకోవాలంటే పాతికేళ్ల కిందటి ఒక నీలం పెట్టె కథ వినాలి.

ఏమిటీ పెట్టె?

మాట వరసకు ఒక ఎరువుల కొట్టును తీసుకుందాం. కౌంటరు మీద ఒక కంప్యూటరు, లోపల గుమాస్తా దగ్గర ఇంకొకటి, గోదాములో మరొకటి ఉన్నాయి. (సబ్సిడీ ఎరువులకు వేలిముద్ర తీసుకునే యంత్రం సంగతి వేరు. అది ఈ లెక్కలోకి రాదు.) ఈ మూడింటినీ కలపాలంటే నాలుగు పనులు జరగాలి.

మొదటిది, ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ను మూడింటికీ పంచాలి. ఊళ్లో ఇళ్లకు డోరు నంబర్లు ఉన్నట్టే ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు ఇవ్వాలి. రెండోది, గేటు దగ్గర కాపలా ఉండాలి. లోపలివాళ్లు పిలిచిన సమాచారం లోపలికి రావచ్చు, పిలవకుండా వచ్చేదాన్ని బయటే ఆపాలి. మూడోది, ఖాతా ఫైళ్లు ఒక్కచోట ఉండాలి. కౌంటరు మీద రాసిన బిల్లు గుమాస్తాకు కనబడాలి. నాలుగోది, రోజూ రాత్రి ఆ ఫైళ్లకు నకలు తీయాలి.

ఈ పనులు చేసే కంప్యూటరునే సర్వరు అంటారు. 1990ల నడుమ దాకా సర్వరు అంటే పెద్ద కంపెనీల వ్యవహారం. యంత్రం ఖరీదు ఒకెత్తు, దాంట్లో వేసే సాఫ్ట్‌వేర్ లైసెన్సు మరొకెత్తు, నడిపే మనిషి జీతం ఇంకొకెత్తు. పది మంది పనిచేసే ఆఫీసు అంత మోయలేదు. కంప్యూటరు రానివాడు కూడా మిక్సీ, ఫ్రిజ్ వాడినట్టు వాడుకోగల సర్వరు ఎందుకు ఉండకూడదన్న ఆలోచన అక్కడే పుట్టింది. అన్నీ ముందే అమర్చి, సీలు వేసి అమ్మే ఇలాంటి యంత్రాన్ని ఇంగ్లిషులో అప్లయన్స్ అంటారు.

అమెరికాలో పుట్టిన నీలం పెట్టె

1996లో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో ఒక చిన్న కంపెనీ మొదలైంది. తర్వాత దాని పేరు కోబాల్ట్ నెట్‌వర్క్స్. 1998లో అది తెచ్చిన యంత్రం పేరు క్యూబ్ 2700. పేరుకు తగ్గట్టే ఘనాకారం. నీలం రంగు. ముందువైపు పచ్చగా వెలిగే ఒక పట్టీ. ఏ పక్క కొలిచినా ఎనిమిది అంగుళాలు దాటదు. ధర 999 డాలర్ల నుంచి మొదలయ్యేది.

దానికి కీబోర్డు లేదు, తెర లేదు. వెనకవైపు రెండు వరుసల అక్షరాలు పట్టే బుల్లి తెర, కొన్ని బటన్లు మాత్రం ఉండేవి. ఆ బటన్లతో యంత్రానికి నంబరు ఇచ్చి, నెట్‌వర్క్ తీగ తగిలిస్తే సరి. మిగతా పనంతా పక్క కంప్యూటరులో మామూలు బ్రౌజరు తెరిచి చేసుకోవచ్చు. కొత్త గుమాస్తా చేరితే పేరు రాసి ఒక బటన్ నొక్కాలి, అతనికి మెయిలు, ఫైళ్ల చోటు రెండూ ఏర్పడతాయి. లోపల 150 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు ఉండేది. ఇవాళ జేబులోని సెల్‌ఫోను దానికి ఎన్నో రెట్లు బలమైనది. కానీ చిన్న ఆఫీసు మెయిళ్లకు, ఫైళ్లకు, ఓ చిన్న వెబ్‌సైటుకు ఆ రోజుల్లో అది సరిపోయింది.

ఆ ధరకు ఎలా ఇవ్వగలిగారు? లోపలి సాఫ్ట్‌వేర్ లైనక్స్ కావడం పెద్ద కారణం. 1991లో ఫిన్లాండ్ దేశపు హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన వ్యవస్థ ఇది. 1992 నుంచి జీపీఎల్ అనే లైసెన్సు కింద అందరికీ అందుతోంది. యంత్రానికింత అని దీనికి ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. పైగా పనికిరాని భాగాలు తీసేసి, చిన్న యంత్రానికి తగ్గట్టు కుదించుకోవచ్చు.

కోబాల్ట్ దారినే మరికొందరు పట్టారు. కెనడాలోని ఒట్టావాలో ఇ-స్మిత్ అనే సంస్థ 1999లో యంత్రం లేకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే తెచ్చింది. మూలపడ్డ పాత కంప్యూటరులో దాన్ని వేస్తే అదే సర్వరు పెట్టె అయ్యేది.

బీపీటీ విత్తనం, హైబ్రిడ్ విత్తనం

జీపీఎల్ లైసెన్సు సంగతి మన రైతులకు ఒక్క పోలికతో అర్థమవుతుంది.

హైబ్రిడ్ విత్తనం వేస్తే దిగుబడి బాగుంటుంది. కానీ ఆ పంటలోని గింజ దాచి మళ్లీ వేస్తే అదే పైరు రాదు. ఏటా కొట్టుకు వెళ్లాల్సిందే. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో ఇచ్చిన సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204, అలాంటిది కాదు. స్వపరాగ సంపర్కం జరిగే వరి వంగడం కాబట్టి మంచి గింజ ఏరి దాచుకుంటే మళ్లీ అదే పంట. పక్క రైతుకూ ఇవ్వొచ్చు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా విత్తనం దాచుకునే, విత్తుకునే, మార్చుకునే హక్కును రైతుకే ఇచ్చింది. బ్రాండు వేసి అమ్మకూడదన్నదే షరతు.

లైనక్స్ బీపీటీ లాంటిది. దాని మూల రచన, అంటే సోర్సు కోడు, బహిరంగం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అయితే ఒక షరతు. దాన్ని యంత్రంలో పెట్టి అమ్మిన కంపెనీ, తాను చేసిన మార్పులతో సహా లైనక్స్ మూల రచనను కొన్నవాడు అడిగితే ఇవ్వాలి. "నా దగ్గర గింజ తీసుకున్నావు, నీ దగ్గరి గింజా పంచు" అన్నట్టు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పెట్టెలో లైనక్స్ ఉన్నంత మాత్రాన పెట్టె అంతా బహిరంగం కాదు. లైనక్స్ పైన కంపెనీ సొంతంగా కట్టిన భాగాలు ఉంటాయి. మనం బ్రౌజరులో చూసే బటన్లు, పేజీలు ఎక్కువగా అలాంటివే. వాటిని ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. కోబాల్ట్ కథలో చిక్కు అక్కడే పడింది.

కంపెనీ చేతులు మారితే..

1999 నవంబరు 5న కోబాల్ట్ షేరు మార్కెట్లోకి వచ్చింది. 22 డాలర్లకు అమ్మిన షేరు ఆ సాయంత్రానికల్లా 128 డాలర్లకు ఎగబాకింది. 2000 సెప్టెంబరులో సన్ మైక్రోసిస్టమ్స్ అనే పెద్ద కంపెనీ దాదాపు 200 కోట్ల డాలర్ల విలువైన సొంత షేర్లు ఇచ్చి కోబాల్ట్‌ను కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరుకల్లా కొనుగోలు పూర్తయింది.

అప్పటికే ఇంటర్నెట్ కంపెనీల బుడగ పేలిపోతోంది. సన్‌కు సొంత కష్టాలు మొదలయ్యాయి. చిన్న పెట్టెల మీద శ్రద్ధ తగ్గింది. మూడేళ్లు తిరిగేసరికి క్యూబ్ అమ్మకాలు ఆగిపోయాయి. 2010లో ఆ సన్‌నే ఒరాకిల్ మింగేసింది.

పెట్టెలు కొన్నవాళ్ల గతేమిటి? యంత్రాలు చెడిపోలేదు. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. కానీ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా బయటపడే కంతలకు మాటు వేసేవాడు లేడు. ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించిన సర్వరుకు మాటు లేకపోవడం అంటే చెరువు గట్టుకు ఎండ్రకాయ బొక్కలు పడ్డట్టే. పైకి నీళ్లు నిండుగా కనబడతాయి, లోపల గట్టు గుల్లవుతుంటుంది.

ఇక్కడ కథ మలుపు తిరిగింది. క్యూబ్ 3 పైభాగపు సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఆ బటన్లూ పేజీలను, సన్ 2003లో స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సు కింద వదిలేసింది. జపాన్‌లో కోబాల్ట్ వాడకందారుల సంఘం ఒకటి గట్టిగా ఉండేది. వాళ్లూ, ఇతర దేశాలవాళ్లూ కలిసి దాన్ని మామూలు కంప్యూటర్ల మీద నడిచే లైనక్స్ మీదకు మార్చారు. దానికి బ్లూక్వార్ట్జ్ అని పేరు పెట్టారు. దాన్నుంచే తర్వాత బ్లూఆనిక్స్ వచ్చింది. కంపెనీ పోయినా, నీలం పెట్టెలు మూలపడ్డా, అలవాటైన పని తీరు మాత్రం కొత్త యంత్రాల మీద బతికింది.

పాఠం స్పష్టం. పెట్టె వయసు వేరు, దాని పోషణ వయసు వేరు. కంపెనీ పోషణ ఆగిపోయినా మూల రచన చేతిలో ఉంటే ఇంకొకరు ఎత్తుకోగలరు. మూల రచన లేకపోతే అంతే సంగతులు. అయితే విత్తనం ఉన్నంత మాత్రాన పంట రాదు. ఎత్తుకునేవాళ్లు కూడా ఉండాలి. కోబాల్ట్‌కు వాడకందారులు ఎక్కువ కాబట్టి నిలబడింది. పదిమంది కూడా కొనని పెట్టె కోసం ఎవరూ ముందుకు రారు.

రూటరులోంచి వచ్చిన విత్తనం

ఇలాంటిదే ఇంకో కథ ఉంది. ఇది మన ఇళ్లలోని వైఫై రూటర్లకు దగ్గరది. 2002 చివర్లో లింక్‌సిస్ అనే కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటరు తెచ్చింది. నీలం, నలుపు కలిసిన పెట్టె, రెండు కొమ్ములు. మర్నాటి ఏడాది లింక్‌సిస్‌ను సిస్కో కొనుక్కుంది. ఆ రూటరులో ఉన్నది లైనక్స్ అని కొందరు ప్రోగ్రామర్లు అదే ఏడాది కనిపెట్టారు. జీపీఎల్ ప్రకారం మూల రచన ఇవ్వాలి కదా అని అడిగారు. 2003లో కంపెనీ ఇచ్చింది.

ఆ గింజ నుంచి 2004లో ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ అనే వ్యవస్థ మొలిచింది. కంపెనీ వదిలేసిన పాత రూటర్లకు కూడా అది కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చి బతికిస్తూ వచ్చింది. 2024లో ఆ బృందమే సొంత రూటరు ఒకటి రూపొందించి బజారులోకి తెచ్చింది. కొన్న యంత్రం మీద కొన్నవాడికి హక్కు ఉంటే దాని ఆయుష్షు ఎంత పెరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

పట్టించుకోని పెట్టెకు పట్టే తెగుళ్లు

"మా కొట్టులో ఏముంది దొంగలెత్తుకెళ్లడానికి? యూరియా లెక్కలేగా!" అనే వాళ్లున్నారు. తెగులు పొలం యజమాని ఎవరని చూసి రాదు. అదను దొరికిన ప్రతి చేలోనూ పడుతుంది. కంప్యూటరు తెగులూ అంతే. మనిషి ఎంచి పంపేది కాదు, యంత్రమే ఇంటర్నెట్‌లోని తలుపులన్నీ తట్టుకుంటూ పోతుంది. తెరుచుకున్న దాంట్లో దూరుతుంది.

2016లో మిరాయ్ అనే తెగులు వచ్చింది. కెమెరాలు, రూటర్ల వంటి చిన్న లైనక్స్ పెట్టెలే దాని ఆహారం. దాని దగ్గర ఉన్న ఆయుధం ఒక్కటే. కంపెనీలు పెట్టి పంపే యూజర్ పేరు, పాస్‌వర్డుల జాబితా. అందులో ఉన్నవి అరవై పైచిలుకు జతలు మాత్రమే. కొన్నాక పాస్‌వర్డు మార్చని లక్షల యంత్రాలు దాని చేతికి చిక్కాయి. వాటన్నిటినీ ఒకేసారి ఉసిగొల్పి ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు అందకుండా చేశారు. పెట్టె యజమానులకు తమ పెట్టె ఆ పని చేసిందని కూడా తెలియదు.

2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మరో తెగులు బయటపడింది. చిన్న ఆఫీసుల రూటర్లు, ఫైళ్లు దాచే పెట్టెలు కలిపి 54 దేశాల్లో కనీసం ఐదు లక్షల యంత్రాలకు అది సోకిందని పరిశోధకులు ప్రకటించారు.

అన్నిటికంటే బాధాకరమైనది 2021 జూన్ నాటిది. వెస్టర్న్ డిజిటల్ కంపెనీ మై బుక్ లైవ్ పేరుతో ఫైళ్లు దాచుకునే పెట్టె అమ్మేది. లోపల లైనక్సే. దానికి అప్‌డేట్లు 2015తో ఆగిపోయాయి. కానీ జనం వాడుతూనే ఉన్నారు, పనిచేస్తోంది కాబట్టి. ఒకరోజు నిద్ర లేచి చూస్తే లోపలి ఫైళ్లన్నీ మాయం. యంత్రాన్ని మొదటి స్థితికి తెచ్చే ఆదేశం ఒకటి ఉంది. దానికి పాస్‌వర్డు అడిగే జాగ్రత్త పనిచేయకుండా ఉండిపోయింది. ఎవరో దూరం నుంచి ఆ ఆదేశం ఇచ్చారు. ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు, లెక్కలు తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత ఫైళ్లు వెలికితీసే సాయం, పాత పెట్టెకు బదులు కొత్తది తక్కువ ధరకు ఇచ్చే పథకం కంపెనీ ప్రకటించింది. కానీ వేరే చోట నకలు దాచుకున్నవాళ్లే నిజంగా గట్టెక్కారు.

మూడు కథల్లోనూ తప్పు లైనక్స్‌ది కాదు. పాస్‌వర్డు మార్చకపోవడం, అప్‌డేట్లు లేకపోవడం, రెండో నకలు లేకపోవడం - తెగులు దూరిన దారులు ఈ మూడే.

72 నెలల లెక్క

ఇది మన వ్యాపారులకు ఎందుకు ముఖ్యమంటే, జీఎస్టీ చట్టం ప్రకారం ఒక ఏడాది లెక్కలను ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు దాచి ఉంచాలి. అప్పీలో, విచారణో నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం. అంటే ఇవాళ కొట్టిన బిల్లు ఏడెనిమిదేళ్ల దాకా అడిగినప్పుడు కనబడాలి. మీ పెట్టెకు కంపెనీ అప్‌డేట్లు మూడేళ్లకే ఆగిపోతే మిగతా కాలం ఎవరు కాపలా? ఆ ప్రశ్న కొనేరోజే వేసుకోవాలి.

"అన్నీ నెట్‌లోనే దాచుకుంటే పోలా, ఇంట్లో పెట్టె ఎందుకు?" అనొచ్చు. కొంతవరకు నిజమే. మెయిలు పెట్టెలో నడుపుకొనే రోజులు దాదాపు పోయాయి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల లెక్కలను దేశమంతటికీ ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌లోకి తేవడానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో 63,000 సంఘాలతో, రూ.2,516 కోట్ల అంచనాతో పథకాన్ని ఆమోదించింది. అలాంటి చోట లెక్కలు దూరాన ఉంటాయి. అయినా ఆఫీసు గుమ్మంలో రూటరు ఉండక తప్పదు. నెట్ పోయిన రోజున లారీ బయట నిలబడి ఉంటే బిల్లు కొట్టాలంటే ఫైళ్లు దగ్గర్లో ఉండకా తప్పదు. కాబట్టి ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ ఉండటమే మేలు.

మిల్లు దుమ్ము, వేసవి ఎండ

కొత్తగా పెట్టేవాళ్లు చోటు విషయంలో చేసే పొరపాట్లు ఎక్కువ. సాధారణ రూటర్లు, ఫైళ్ల పెట్టెలు చాలావాటి మీద 0 నుంచి 40 డిగ్రీల వేడి వరకే పనిచేస్తాయని రాసి ఉంటుంది. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డు లోపల ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. రైసు మిల్లులో తవుడు, ఊక దుమ్ము ఫ్యాను రంధ్రాలను మూసేస్తుంది. అందుకే పెట్టెను యంత్రాల గదిలో కాక ఆఫీసు గదిలో, నేలకు ఎత్తుగా, గాలి ఆడే చోట పెట్టాలి. నెలకోసారి కరెంటు ఆపి పొడి బ్రష్షుతో దుమ్ము దులపాలి. పెట్టె మీద దేవుడి పటం, అగరుబత్తి స్టాండు, బిల్లు పుస్తకాలు పెట్టకూడదు.

ఇక కరెంటు. డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోతే రాస్తున్న ఫైలు సగంలో తెగుతుంది. ఒక్కోసారి డిస్కులోని ఫైళ్ల పట్టికే దెబ్బతింటుంది. చిన్న యూపీఎస్ తప్పనిసరి. యూపీఎస్ నుంచి పెట్టెకు ఒక యూఎస్‌బీ తీగ తగిలించే వీలు ఉంటే మరీ మంచిది. బ్యాటరీ అడుగంటుతున్నదని యూపీఎస్ చెబుతుంది, పెట్టె తనంతట తానే పద్ధతిగా మూతపడుతుంది. ఎర్తింగు సరిగా లేని చోట, పిడుగుల కాలంలో, గోడ బయట నుంచి వచ్చే తీగ ద్వారా పెట్టె కాలిపోవడం మామూలే. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు చూపించుకోండి.

రెండు డిస్కులున్న పెట్టె కొంటే నకలు ఉన్నట్టే అనుకోవడం మరో పొరపాటు. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం రాయడం వల్ల ఒక డిస్కు చెడితే రెండోది ఆదుకుంటుంది. అంతవరకే. గుమాస్తా పొరపాటున ఫైలు చెరిపితే రెండింట్లోనూ చెరిగిపోతుంది. తెగులు పడితే రెండింటికీ పడుతుంది. ఎడ్లు రెండున్నా కొట్టం ఒకటే అయితే నిప్పు పడ్డప్పుడు రెండూ పోయినట్టు.

నకలుకు మొలక పరీక్ష

విత్తనం కట్టేముందు తడి గోనెలో వంద గింజలు చుట్టి పెట్టి మొలక చూస్తాం. వరికి వందకు 80 మొలిస్తే విత్తనం కింద లెక్క. నకళ్లకూ ఈ పరీక్ష కావాలి. మూడు నెలలకోసారి నకలు డిస్కులోంచి ఏదో ఒక పాత నెల ఖాతా ఫైలు తీసి, వేరే కంప్యూటరులో తెరిచి చూడండి. అంకెలు కనబడితే సరి. ఇక్కడ నూటికి ఎనభై చాలదు, నూటికి నూరూ మొలవాలి. రోజూ రాత్రి నకలు తీస్తున్నామనుకుని, అవసరం పడ్డ రోజున చూస్తే ఆర్నెల్లుగా నకలే పడలేదని తెలిస్తే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

నకళ్లకు తేలిక లెక్క ఒకటుంది. సమాచారం మొత్తం మూడు చోట్ల ఉండాలి. అందులో రెండు వేర్వేరు రకాల పరికరాలు కావాలి. ఒకటి ఆ భవనంలో ఉండకూడదు. వారానికోసారి నకలు తీసి ఇంటి బీరువాలో పెట్టే చిన్న డిస్కు చాలు.

కొనేముందు అడగాల్సినవి

దుకాణదారు దగ్గర మొహమాటం వద్దు. ఈ ప్రశ్నలు అడగండి. జవాబు బిల్లు మీదో, కాగితం మీదో రాయించుకోండి.

1. ఈ మోడలుకు అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయి? బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి అమలైన చట్టం ప్రకారం తయారీదారు ఈ గడువు చెప్పి తీరాలి, సులువుగా ఊహించగల పాస్‌వర్డులతో అమ్మకూడదు. యూరప్‌లో 2024లోనే వచ్చిన చట్టం మామూలుగా కనీసం ఐదేళ్ల పోషణ కోరుతోంది, దాని ముఖ్య నిబంధనలు వర్తించేది 2027 డిసెంబరు నుంచి. పెద్ద కంపెనీలు అక్కడ ప్రకటించే గడువులు వాటి వెబ్‌సైట్లలో ఉంటాయి. మన దగ్గర అమ్మే మోడలు కూడా అదేనేమో చూసుకోవచ్చు.

2. కంపెనీ వదిలేస్తే వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోగలమా? రూటరైతే ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ జాబితాలో ఆ మోడలు ఉందా? ఫైళ్ల పెట్టె విషయంలో మామూలు కంప్యూటరు మీద ఓపెన్ మీడియా వాల్ట్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేసి పెట్టేవాళ్లు మీ పట్నంలో ఉన్నారా?

3. పెట్టె చెడితే డిస్కు బయటకు తీసి మరో యంత్రంలో చదవగలమా? కంపెనీ సొంత పద్ధతిలో రాసే పెట్టెలతో ఈ చిక్కు వస్తుంది.

4. అడ్మిన్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది? బిగించిన కుర్రాడి దగ్గరే ఉంటే తాళంచెవి పాలేరు దగ్గర వదిలేసి ఊరెళ్లినట్టు. పాస్‌వర్డు యజమాని పెట్టుకోవాలి. కాగితం మీద రాసి, కవరులో సీలు చేసి బీరువాలో ఉంచుకోవాలి.

5. దూరం నుంచి ఇంటర్నెట్ ద్వారా పెట్టెను నడిపే సౌకర్యం తెరిచి ఉందా? అవసరం లేకపోతే మూసేయమనండి. దొంగలు వచ్చే తలుపు చాలాసార్లు అదే.

6. అప్‌డేట్లు తమంతట తామే పడేలా పెట్టారా? లేకపోతే నెలకోసారి చూసే మనిషి ఎవరు?

ఇప్పటికే పెట్టె ఉన్నవాళ్లు

ఈ వారంలో ఒక పూట కేటాయించండి. పెట్టె అడుగున ఉన్న చీటీ మీద మోడలు పేరు రాసుకోండి. కంపెనీ వెబ్‌సైటులో దానికి చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో చూడండి. రెండు మూడేళ్లుగా ఏమీ రాలేదంటే ఆ పెట్టె ముసలిదైందని అర్థం. మార్చే ఏర్పాటు చేసుకోండి. ఈలోగా ఫైళ్ల పెట్టె అయితే ఇంటర్నెట్‌కు దూరంగా, లోపలి కంప్యూటర్లకు మాత్రమే అందేలా పెట్టించండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఇంకా ఉంటే ఇవాళే మార్చండి. ఆ పని చేయడానికి పది నిమిషాలు పట్టదు.

క్యూబ్ తయారుచేసినవాళ్లు కంప్యూటరు రానివాడికి కూడా సర్వరును అందించారు. అది మంచి పని. కానీ వాడేవాడికి శ్రమ లేకుండా చేయడం వేరు, ఎవరూ చూసుకోనక్కర్లేకుండా చేయడం వేరు. ఆ రెండోది ఇప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు. బోరు మోటారుకు ఏడాదికోసారి గ్రీజు పెట్టిస్తాం, స్టార్టరులో నల్లబడిన పాయింట్లు గీకిస్తాం. బల్ల కింద మిణుకుమిణుకుమనే పెట్టెకు కూడా నెలకో పూట చాకిరీ తప్పదని లెక్కలో రాసుకుంటే, ఖాతా పుస్తకం అడిగినప్పుడు మొహం వేలాడేయాల్సిన పని ఉండదు.